కాలేజీ వీధిలో కాఫీ బల్ల

రాయలవారి విందుల గురించి, మొగలు చక్రవర్తుల వంటశాలల గురించి మన చరిత్ర పుస్తకాలలో కావలసినంత సమాచారం ఉంది. పల్లెటూరి నుంచి పట్నానికి చదువుకోసం వచ్చిన కుర్రవాడు ఎక్కడ తిన్నాడు, ఎవరి పక్కన కూర్చుని తిన్నాడు, ఎవరు వడ్డించారు, ఎంత ఇచ్చుకున్నాడు అన్న ప్రశ్నలకు మాత్రం ఆ పుస్తకాలలో జవాబు దొరకదు. తిండీ తిప్పలూ చరిత్ర ఎట్లా అవుతాయి అని పెద్దలు కొందరు అడగవచ్చు. హాస్టలు మెస్సులో ఒక్క నెల తిన్న విద్యార్థి ఎవడూ ఆ ప్రశ్న అడగడు. కాలేజీలో సీటు దొరికినవాడికి చవకగా కడుపు నింపుకునే చోటు, నలుగురితో కూర్చుని మాట్లాడుకునే చోటు దొరకకపోతే ఆ సీటు సగం సీటే అని వాడికి అనుభవం మీద తెలుసు.

ఈ విషయాన్ని పరిశీలించడానికి కలకత్తాలోని కాలేజీ వీధిని ఉదాహరణగా తీసుకుంటున్నాను. ప్రెసిడెన్సీ కాలేజీ, కలకత్తా విశ్వవిద్యాలయం, సంస్కృత కళాశాల, మెడికల్ కాలేజీ – ఇవన్నీ నడిచిపోగల దూరంలో ఒకే వీధిని ఆనుకుని ఉన్నాయి. వాటి మధ్య పాతపుస్తకాల కొట్లు, చెరువు, ఆ చెరువు చుట్టూ తినుబండారాల అంగళ్ళు. రెండు వందల సంవత్సరాలుగా విద్యార్థి తిండి కథ అక్కడ తెగకుండా నడుస్తూ వచ్చింది. కాబట్టి మూడు ప్రశ్నలకు అక్కడ సమాధానాలు వెతకవచ్చు. ఆ బల్లముందు ఎవరు కూర్చోవచ్చు? ఎంత ధరకు కూర్చోవచ్చు? అసలు ఆ బల్ల ఎవరిది? మొదటి ప్రశ్న కులానికి సంబంధించినది. రెండవది కూలికీ ధరకూ సంబంధించినది. మూడవది యాజమాన్యానికి సంబంధించినది. మన రచయితలు కాఫీ హౌసు గురించి రాసినప్పుడల్లా కవులనూ, చర్చలనూ, సిగరెట్టు పొగనూ వర్ణించి ఊరుకుంటారు. ఈ మూడు ప్రశ్నల జోలికి పోరు.

గోల్‌దిఘీ గట్టున కబాబులు

1817లో హిందూ కాలేజీ స్థాపించబడింది. పేరులోనే ఉంది గదా, అది హిందూ కుటుంబాల పిల్లలకు మాత్రమే. అందులోనూ డబ్బూ, పరపతీ ఉన్న అగ్రకులాల పిల్లలకు. 1824లో వచ్చిన సంస్కృత కళాశాల ఇంకా ఇరుకు. బ్రాహ్మణులకూ వైద్యకులస్థులకూ తప్ప అక్కడ ప్రవేశం లేదు. 1851లో విద్యాసాగరుడు ప్రిన్సిపాలై కాయస్థులకూ, తరువాత తక్కిన హిందువులకూ తలుపు తెరచేవరకు పరిస్థితి అదే. ఈ విధంగా కులంచేత కట్టబడిన చదువులో మొదటి తిరుగుబాటు తిండి రూపంలోనే వచ్చిందంటే ఆశ్చర్యపడవలసిన పనిలేదు. కులం మనిషికి మొట్టమొదట నేర్పే పాఠం ఎవరితో తినకూడదు అన్నదే. కాబట్టి కులాన్ని ధిక్కరించదలచినవాడు మొట్టమొదట తినకూడనిది తింటాడు.

హిందూ కాలేజీలో 1826లో ఉపాధ్యాయుడుగా చేరిన డెరోజియో శిష్యులు ఆ పనే చేశారు. 1831 ఏప్రిలులో డెరోజియో చేత రాజీనామా ఇప్పించారు. ఆ ఏడాది డిసెంబరులోనే ఆయన కలరాతో మరణించాడు. అప్పటికి ఇరవై రెండేళ్ళు. ఆ మధ్యలో, ఆగస్టు నెలలో, కృష్ణమోహన్ బంద్యోపాధ్యాయ ఇంట లేని సమయాన అతని మిత్రులు గోమాంసం తిని ఎముకలను పొరుగున ఉన్న బ్రాహ్మణుని ఇంటిలోకి విసిరారు. ఊరంతా గగ్గోలు పుట్టింది. కృష్ణమోహనుణ్ణి ఇంట్లోంచి వెళ్ళగొట్టారు. తరువాతి తరంలో అదే కాలేజీలో చదివిన రాజనారాయణ బసు తన ఆత్మకథలో గోల్‌దిఘీ సంగతులు దాచకుండా చెప్పుకున్నాడు. కాలేజీ ఎదుటి చెరువు పేరే గోల్‌దిఘీ. ఆ గట్టున మిత్రులతో కూర్చుని బ్రాందీ తాగడం, పక్కనే అమ్మే సీకు కబాబులకోసం చెరువు కమ్మీలు దూకిపోవడం, చివరికి జబ్బు పడటం – అన్నీ రాశాడు.

ఈ తిరుగుబాటును మనం తక్కువ చేయనక్కరలేదు. ఆ కాలానికి అది సాహసమే. ఐతే దాని హద్దులు కూడా చూడాలి. పొరుగింటిలోకి ఎముక విసరటంవల్ల పొరుగువాని మనసు మారలేదు. అతని భయం మరింత గట్టిపడింది. కబాబు తిన్న విద్యార్థి పేరు చరిత్రలో ఉంది, కబాబు కాల్చి అమ్మినవాడి పేరు లేదు. అమ్మినవాడి పిల్లవాడు ఆ కాలేజీ మెట్లు ఎక్కలేడన్న ఆలోచన తిన్నవారికి తట్టినట్లు కనపడదు. తిండిలో కులం గీసిన గీతను ఒక వ్యక్తి దాటగలిగాడు. గీత మాత్రం ఉన్నచోటనే ఉంది.

మెస్సులూ హిందూ హోటళ్ళూ

1857లో విశ్వవిద్యాలయం వచ్చింది. రైళ్ళు వచ్చాయి. ఢాకా, బరిసాల్, చట్టగ్రామ్ నుంచి, పశ్చిమాన బర్ద్వాన్, బాంకురాల నుంచి మధ్యతరగతి కుర్రవాళ్ళు కలకత్తా చేరారు. వీళ్ళను పోషించినది మెస్సు. పదిమందో పదిహేనుమందో కలిసి ఒక పాత ఇల్లు అద్దెకు తీసుకుంటారు. ఒక వంటవాణ్ణీ, ఒక పనివాణ్ణీ కుదుర్చుకుంటారు. నెలకొకరు చొప్పున బజారుఖర్చు లెక్క చూస్తారు. విద్యార్థులూ, చిన్న గుమాస్తాలూ ఒకే కప్పు కింద ఉంటారు. ఇది సహకార జీవనమే. ఐతే ఏ జిల్లావాళ్ళు ఆ జిల్లావాళ్ళతో, ఏ కులంవాళ్ళు ఆ కులంవాళ్ళతో కలిసి నడుపుకునే సహకారం అది. వంటవాడు బ్రాహ్మణుడై ఉండాలన్న నియమం అందులో ఉండేది.

ప్రభుత్వ హాస్టళ్ళు కూడా ఇదే పద్ధతిని రాతిగోడలలో కట్టాయి. ప్రెసిడెన్సీ కాలేజీ విద్యార్థులకు ఈడెన్ హిందూ హాస్టలు. ముస్లిం విద్యార్థులకు వేరే బేకర్ హాస్టలు. హిందూ హాస్టలు లోపల కూడా అందరూ సమానులు కారు. 1911లో ఢాకా జిల్లా నుంచి ఒక చిన్న దుకాణదారుని కొడుకు ప్రెసిడెన్సీ కాలేజీలో చేరి ఆ హాస్టలుకు వచ్చాడు. అతడు మేఘనాద్ సాహా. అగ్రకులాల విద్యార్థులు కొందరు అతనితో కలిసి ఒకే భోజనశాలలో తినడానికి నిరాకరించారు. సరస్వతీ పూజలో అతడు పాల్గొనడానికి అభ్యంతరం చెప్పారు. తరువాత అతడు హాస్టలు వదలి మెస్సుకు మారాడు. 1920లో నక్షత్రాల వర్ణపటాలను అర్థం చేసుకోవడానికి దారి చూపిన అయనీకరణ సిద్ధాంతాన్ని ప్రకటించి ప్రపంచ ప్రఖ్యాతి పొందిన శాస్త్రజ్ఞుడు అతడే. 1952లో వామపక్షాల మద్దతుతో కలకత్తా నుంచి లోకసభకు ఎన్నికైనవాడూ అతడే. సూర్యునిలోని మూలకాల సంగతి తేల్చగలిగిన మేధకు కాలేజీ హాస్టలు పంక్తిలో విస్తరి దొరకలేదు. కులం పాతకాలపు పల్లెల జబ్బు అనీ, పట్నం చదువుతో అది దానంతట అదే పోతుందనీ నమ్మేవారు ఈ ఒక్క ఉదాహరణ ముందుంచుకుని ఆలోచించాలి.

హాస్టలుకూ మెస్సుకూ తాహతు లేనివాడికి ‘పైసా హోటళ్ళు’ ఉండేవి. కొద్ది పైసలకు అన్నం, పప్పు, కూర, చేపముక్క. కాలేజీ వీధి పక్కన భవానీదత్త సందులో ఒరిస్సానుంచి వచ్చిన పండాలు నడిపిన హోటలు అటువంటిదే. మొదట దాని పేరు హిందూ హోటలు. 1947 తరువాత దాని పేరు ముందు ‘స్వాధీన భారత్’ చేర్చారు. ‘స్వాధీన భారత్ హిందూ హోటలు’ – ఒక్క బోర్డు మీద రెండు యుగాలు! స్వాతంత్ర్యం ముందుకు వచ్చి చేరింది, హిందూ అన్న పాతమాట తొలగిపోలేదు. అటువంటి పేరున్న హోటలులో పొయ్యిదగ్గర ఎవరు నిలబడతారో చెప్పనక్కరలేకుండానే ఆనాటి విద్యార్థికి తెలిసేది.

ఇది వంగదేశపు సంగతి మాత్రమే అని మనం దులుపుకోవడానికి వీలులేదు. మన పిల్లలు చదువుకోసం మదరాసు పోయిన రోజులలో తిరువళ్ళిక్కేణి కాఫీ హోటళ్ళలో బ్రాహ్మణులకు వేరే చోటు ఉండేది. పంచములకు అసలు చోటే లేదు. ప్రెసిడెన్సీ కాలేజీకీ మదరాసు విశ్వవిద్యాలయానికీ ఆనుకుని ఉన్న పేట అది. రాజ్యాంగం 1950లోనే 15వ అధికరణంలో హోటళ్ళూ భోజనశాలలూ అందరివీ అని రాసింది. 17వ అధికరణంలో అస్పృశ్యతను రద్దు చేసింది. 1955లో అస్పృశ్యతను నేరం చేసే చట్టం కూడా వచ్చింది. ఐనా 1957లో అదే తిరువళ్ళిక్కేణిలో మురళీ కఫేకు ‘బ్రాహ్మణ’ అన్న మాటతో బోర్డు ఉండింది. దానిని తీయించడానికి పెరియార్ నాయకత్వాన ద్రావిడ కళగం నెలల తరబడి పికెటింగు చేయవలసి వచ్చింది. వందలాది కార్యకర్తలు అరెస్టయ్యారు. చివరికి బోర్డు దిగింది. కాఫీ కప్పు చుట్టూ ఇంత పోరాటమా అని ఆనాడు నవ్వినవాళ్ళున్నారు. నవ్వినవాళ్ళను ఏ హోటలూ ఎన్నడూ గుమ్మంలో ఆపలేదు.

క్యాబిన్లు, పోలీసులు, తేయాకు

వంగ విభజన వ్యతిరేకోద్యమం, ఆ తరువాత రహస్య విప్లవ సంఘాలు కాలేజీ వీధికి మరొక రకపు తిండిచోటును ఇచ్చాయి. చట్టగ్రామ్ నుంచి వచ్చిన బరువా కుటుంబీకులు 1918లో ‘ఫేవరిట్ క్యాబిన్’ తెరిచారు. వారు బౌద్ధులు. టీ, టోస్టు, కేకు అక్కడి సరుకు. సుభాష్ బోసు, నజ్రుల్ ఇస్లాం అక్కడ కూర్చున్న రోజులను ఆ వీధి ఇప్పటికీ చెప్పుకుంటుంది. ఆ కాలానికే చెందిన ‘పారమౌంట్’ షర్బత్ దుకాణంలో కొబ్బరిబోండాం షర్బత్ తయారీ ఆచార్య ప్రఫుల్లచంద్ర రాయ్ చెప్పిన పద్ధతి అని ప్రతీతి.

ఈ క్యాబిన్ల ప్రాముఖ్యం మనకు రెండు విధాల కనపడుతుంది. మొదటిది, ఇక్కడ పంక్తి లేదు. బల్ల ఉంది, కుర్చీ ఉంది, చేతిలో డబ్బులున్నవాడు కూర్చుంటాడు. వంటవాడి గోత్రం అడిగేవాడు లేడు. రెండవది, ఒక కప్పు టీ ఖరీదుకు ఒక గంట చోటు దొరుకుతుంది. పోలీసు కళ్ళు పడకుండా నలుగురు కలుసుకోవడానికి ఆ గంట చాలు. అనగా చిన్న వ్యాపారి తన బతుకుతెరువుకోసం తెరిచిన దుకాణం, అతడు ఉద్దేశించినా ఉద్దేశించకపోయినా, ప్రజాజీవితానికి ఒక గది అయింది.

ఐతే ఆ కప్పులోని టీ ఎక్కడినుంచి వచ్చింది? తేయాకు తోటల తెల్లదొరలు 1903లో సుంకం చట్టం చేయించుకుని ఆ డబ్బుతో తేయాకు ప్రచారం నడిపారు. ఎగుమతులు మందగించినప్పుడల్లా మన దేశస్థుల చేత టీ తాగించే ప్రయత్నం ముమ్మరమయ్యేది. ప్రఫుల్లచంద్ర రాయ్ ఈ ప్రచారంమీద విరుచుకుపడి టీ తాగడం విషం తాగడమేనన్న ధోరణిలో రాశాడు. శాస్త్రజ్ఞుడైన ఆయన ఆ పానీయాన్ని గురించి అన్నదానిలో అతిశయం ఉండవచ్చు. కాని అస్సాం తోటల కూలీల బతుకు తెలిసినవారికి ఆ కోపం ఎక్కడినుంచి పుట్టిందో అర్థమవుతుంది. కాఫీ విషయంలో కూడా ఇదే నాటకం రెండవసారి జరిగింది.

ఆల్బర్ట్ హాలులో కాఫీ

కాలేజీ వీధికి ఎదురుగా ఉన్న ఆల్బర్ట్ హాలు 1876లో వెలిసింది. విక్టోరియా రాణి భర్త పేరు దానికి పెట్టారు. ఐతే ఆ పేరును మొదటి ఏడాదే చరిత్ర వెక్కిరించింది. 1876 జూలై 26న సురేంద్రనాథ్ బెనర్జీ, ఆనందమోహన్ బోసు మొదలైనవారు ఇండియన్ అసోసియేషన్‌ను అక్కడే స్థాపించారు. ఆ పగలే సురేంద్రనాథుని కొడుకు మరణించాడు. సాయంకాలం ఆయన సభకు వచ్చాడు. 1883 డిసెంబరులో అఖిలభారత జాతీయ సమావేశం కూడా ఆ హాలులోనే జరిగింది. కాంగ్రెసు పుట్టడానికి అది రెండేళ్ళ ముందు.

ఆ హాలులోకి కాఫీ ఎట్లా వచ్చింది? విద్యార్థులమీద ప్రేమతో ఎవరూ తేలేదు. 1930లలో ప్రపంచ ఆర్థిక సంక్షోభం వచ్చి కాఫీ ధర పడిపోయింది. కూర్గు, చిక్కమగళూరు, నీలగిరి తోటల యజమానులు ప్రభుత్వాన్ని ఆశ్రయించారు. 1935లో కాఫీ సుంకం చట్టం వచ్చింది. ఆ సుంకం డబ్బుతో 1936లో బొంబాయి చర్చిగేట్ దగ్గర మొదటి ఇండియా కాఫీ హౌస్ తెరిచారు. ఇంతలో యుద్ధం వచ్చింది. యూరపు మార్కెట్లు మూతపడ్డాయి. 1940లో ఆర్డినెన్సు, 1942లో చట్టం ద్వారా ప్రభుత్వమే తోటల పంటనంతా ఒకచోట పోగుచేయించి అమ్మించే ఏర్పాటు చేసింది. ఈ ఏర్పాటే కాఫీ బోర్డు. అమ్ముడుపోని కాఫీని దేశంలోపల తాగించాలి గదా! కాఫీ హౌసుల సంఖ్య పెరిగింది. 1942లో ఆల్బర్ట్ హాలులో కూడా కాఫీ బోర్డు దుకాణం తెరిచారు. టీ తాగే కలకత్తాకు కాఫీ అలవాటు చేయడం దాని పని. తోటల యజమానుల లాభాలు నిలపడానికి ప్రభుత్వం పరచిన బల్ల అది.

1942 అన్న సంవత్సరాన్ని గుర్తుంచుకోవాలి. మరుసటి ఏడాది వంగదేశపు కరువు. చనిపోయినవారి సంఖ్య ముప్పై లక్షలని చరిత్రకారుల అంచనా. పల్లెలనుంచి కలకత్తా వీధులలోకి వచ్చిన జనం అన్నం అడగలేదు. అన్నం దొరకదని వాళ్ళకు తెలుసు. ఇంటింటిముందు నిలబడి గంజి అడిగారు. ఆ గంజిని వాళ్ళ భాషలో ‘ఫ్యాన్’ అంటారు. అదే ఊరిలో మేడమీద కాఫీ పోయబడుతున్నది, కింద పేవ్‌మెంటు మీద మనిషి చచ్చిపోతున్నాడు. ఆ నాటి విద్యార్థి ఆ మెట్లు ఎక్కుతూ దిగుతూ ఈ రెంటినీ చూశాడు. కొందరు చూసి పైకి పోయారు. కొందరు దిగివచ్చి గంజి కేంద్రాలలో పనిచేశారు. చిత్రప్రసాద్ కరువుబొమ్మలు గీశాడు, ప్రజానాట్య సంఘం పుట్టింది, 1944లో బిజన్ భట్టాచార్య ‘నబన్న’ నాటకం రంగస్థలం ఎక్కింది. ఆ తరం రచన కాఫీ బల్ల దగ్గర పుట్టిందని ఎవరైనా అంటే, బల్లదగ్గర కూర్చోలేక లేచిపోయినప్పుడు పుట్టిందని మనం సరిదిద్దాలి.

అడ్డా గురించి రెండు మాటలు

కాఫీ హౌసులో కొత్తదనం కొంత ఉన్నమాట నిజమే. అది మెస్సులాగా జిల్లాపేరు అడగదు, హిందూ హోటలులాగా కులం గుర్తుచేయదు. 1944లో ప్రెసిడెన్సీ కాలేజీ ఆడపిల్లలకు తలుపు తెరిచాక అబ్బాయిలూ అమ్మాయిలూ ఒకే బల్లచుట్టూ కూర్చుని రాజకీయాలు మాట్లాడుకోగల అరుదైన బహిరంగస్థలం అయింది. ఎత్తయిన కప్పు, పొడుగు కడ్డీలకు వేలాడే పంకాలు, చుట్టూ మేడవరండా, గోడమీద రవీంద్రుని పెద్ద చిత్రం. పాలులేని కాఫీని అక్కడ ‘ఇన్‌ఫ్యూషన్’ అంటారు. ఒక ఇన్‌ఫ్యూషన్ తెప్పించుకుని సాయంకాలమంతా కూర్చోవచ్చు. లేవమని ఎవరూ అనరు. దీనినే వంగదేశీయులు ‘అడ్డా’ అని ముద్దుగా పిలుచుకుంటారు.

మన హైదరాబాదులో కూడా అడ్డా అన్నమాట ఉంది. తెల్లవారి ఆరుగంటలకు గడ్డపారా తట్టా పక్కన పెట్టుకుని, ఎవరైనా వచ్చి ఆనాటి కూలికి పిలుస్తారా అని కూలీలు ఎదురుచూసే నాలుగు రోడ్ల కూడలి అది. ఒక ఊరిలో తీరికగా మాట్లాడుకునే చోటూ, ఇంకొక ఊరిలో తన శ్రమను అమ్ముకోవడానికి నిలబడే చోటూ – రెంటికీ ఒకే పేరు! మొదటి అడ్డాలో కూర్చున్నవాడు రెండవ అడ్డాను మరచిపోయిననాడు అతని చర్చ ఎంత విప్లవాత్మకంగా ఉన్నా కాలక్షేపమే అవుతుంది.

కలకత్తా విద్యార్థులు చాలాసార్లు మరచిపోలేదు. 1953 జూలైలో బ్రిటిషు ట్రాం కంపెనీ రెండవతరగతి టిక్కెట్టు మీద ఒక్క పైసా పెంచింది. ఊరంతా లేచింది, పెంపును వెనక్కు తీసుకున్నారు. 1959 ఆగస్టు 31న ఆహార ఉద్యమపు మహాప్రదర్శనమీద పోలీసులు విరుచుకుపడ్డారు. ఎనభైమంది చనిపోయారని ఉద్యమ నాయకులు ప్రకటించారు. విద్యార్థులు ఆ రోజును ఇప్పటికీ స్మరిస్తారు. 1966లో మళ్ళీ ఆహార ఉద్యమం. బియ్యం ధర, ట్రాం టిక్కెట్టు, కప్పు కాఫీ ఒకే జేబులోనుంచి పోతాయన్న సంగతి ఆ విద్యార్థికి ఏ పాఠ్యపుస్తకమూ చెప్పలేదు.

బేరరు యజమాని అయిన రోజు

ఇప్పుడు మూడవ ప్రశ్న. 1950ల మధ్యకు వచ్చేసరికి తోటల యజమానుల అవసరం తీరింది. దేశంలో కాఫీ అలవాటయింది. విదేశాలకు ఎగుమతి మళ్ళీ మొదలయింది. ఇక ప్రచారశాలలు ఎందుకు? కాఫీ బోర్డు కాఫీ హౌసులను మూసివేయడానికి నిర్ణయించింది. వాటిలో పనిచేసే వంటవాళ్ళు, బేరర్లు, గిన్నెలు కడిగేవాళ్ళు వీధిని పడే పరిస్థితి వచ్చింది.

కార్మిక సంఘాలు ఆందోళనకు దిగాయి. అప్పుడు లోకసభలో కమ్యూనిస్టు నాయకుడుగా ఉన్న ఏ.కే. గోపాలన్ కార్మికులముందు ఒక ప్రతిపాదన ఉంచాడు. ఉద్యోగం నిలపమని అడిగి ఊరుకోవద్దు, సహకార సంఘాలు పెట్టుకుని ఆ హౌసులనే మీరు తీసుకోండి అన్నది దాని సారాంశం. కార్మికులలో సందేహాలు లేకపోలేదు. పెట్టుబడి ఎక్కడిది? లెక్కలు ఎవరు చూస్తారు? దొరలు నడపలేనిది మనం నడపగలమా? ఈ సందేహాలతోనే ముందుకు అడుగువేశారు. 1957 ఆగస్టు 19న బెంగుళూరులో మొదటి కాఫీ కార్మికుల సహకార సంఘం ఏర్పడింది. అక్టోబరు 27న ఢిల్లీలో కార్మికులే యజమానులుగా మొదటి కాఫీ హౌస్ తెరుచుకుంది. 1958 మార్చి 8న కేరళలో త్రిచూరులో ఇంకొకటి. అక్కడి సంఘనిర్మాణంలో ముందు నిలిచిన పరమేశ్వరన్ పిళ్ళై పనిలోంచి తీసివేయబడిన కార్మిక నాయకుడు. ‘ఇండియా కాఫీ హౌస్’ పోయి ‘ఇండియన్ కాఫీ హౌస్’ వచ్చింది. బోర్డుమీద మారినది ఒక్క అక్షరం. బోర్డు వెనుక యజమాని మారాడు.

కాలేజీ వీధి హౌసు కూడా 1958లో మూతపడబోయింది. ఈసారి బల్లకు ఇవతలి వైపు కూర్చునేవారు కూడా కదిలారు. ప్రెసిడెన్సీ కాలేజీ, విశ్వవిద్యాలయం అధ్యాపకులు ప్రభుత్వానికి అర్జీ పెట్టారు. ఆ ఏడాదే హౌసు తిరిగి తెరుచుకుంది, కార్మికుల సహకార సంఘం చేతికి వచ్చింది. ఉపాధ్యాయులకు ఇందులో ఒక పాఠం ఉంది. తమ అడ్డా పోతుందన్న దిగులుతో వారు అర్జీ పెట్టి ఉండవచ్చు. కాని ఆ అర్జీ నలుగురి ఉద్యోగాలు నిలిపే పోరాటంతో కలిసింది కాబట్టి ఫలించింది. అది వట్టి జ్ఞాపకాల రక్షణగా ఉండిపోయి ఉంటే ఈనాడు ఆ హాలులో ఏ బట్టలకొట్టో ఉండేది.

ఐనా ఈ విజయాన్ని పటం కట్టి గోడకు తగిలించడం మన పని కాదు. కాలేజీ వీధి కాఫీ హౌసులో వడ్డించే కార్మికులు తెల్లదొరల కాలపు తెల్లదుస్తులు, కుచ్చుతలపాగా, నడుముపట్టీతోనే కనిపిస్తూ వచ్చారు. యజమాని అయిన కార్మికుడు సేవకుని వేషం విప్పలేదు. వచ్చినవారికి ఆ తలపాగా పాతకాలపు అందంగా కనపడుతుంది. ఆ అందం ఎవరి బానిసత్వపు గుర్తు అని అడిగే విద్యార్థి అరుదు. హౌసుకు వెళ్ళిన కవులమీద వ్యాసాలు గుట్టలుగా ఉన్నాయి. హౌసును నడిపిన కార్మికుల సమావేశాలలో ఏమి వాదించుకున్నారో, జీతాలు ఎట్లా నిర్ణయించుకున్నారో, ధర పెంచాలా వద్దా అన్నప్పుడు ఎన్ని రాత్రులు తర్జనభర్జన పడ్డారో రాసినవారు ఎంతమంది? ధర పెంచితే విద్యార్థి రాడు, పెంచకపోతే తోటి కార్మికునికి కూలి గిట్టదు. ఈ చిక్కును ప్రతి తరమూ అనుభవించింది. విద్యార్థికి చవక కాఫీ కావాలి, కార్మికునికి న్యాయమైన కూలి కావాలి. ఈ రెంటికీ మధ్య ఉన్న తేడాను ఎవరో ఒకరు భరించాలి. విశ్వవిద్యాలయమూ ప్రభుత్వమూ భరించకపోతే దాన్ని భరించేది కార్మికుడే.

మళ్ళీ తోట యజమాని

1990లలో కాఫీ బోర్డు పంటను పోగుచేసి అమ్మే పద్ధతి తొలగిపోయింది. స్వేచ్ఛా విపణి వచ్చింది. 1996లో బెంగుళూరు బ్రిగేడ్ రోడ్డులో కఫే కాఫీ డే మొదటి దుకాణం తెరిచింది చిక్కమగళూరు తోటల యజమాన్యంనుంచి వచ్చిన సంస్థే. అరవైయేళ్ళ కిందట ప్రభుత్వ సాయంతో బల్ల పరచిన తోట యజమాని ఈసారి తన సొంతపేరు మీద బల్ల పరిచాడు. 2012లో అమెరికా కంపెనీ స్టార్‌బక్స్ కూడా వచ్చింది. ఈ చల్లని గదులలో ఎవరూ కులం అడగరు. అడగనక్కర లేదు; ధరల పట్టికే ఆ పని చేసిపెడుతుంది. పూర్వం పంక్తినుంచి లేపివేయబడిన వర్గాల పిల్లవాడు ఈనాడు గాజుతలుపు దగ్గరనే ఆగిపోతాడు. ఎవరూ ఆపినట్లు కనపడదు, కాబట్టి ఎవరిమీదా పికెటింగు చేయడానికి కూడా ఉండదు.

కలకత్తాలో ఆల్బర్ట్ హాలు ఈనాటికీ కార్మికుల సహకార సంఘం చేతిలోనే ఉంది. బెంగుళూరులో మహాత్మాగాంధీ రోడ్డు కాఫీ హౌసు 2009లో ఆ పాత చోటు వదలి వేరే వీధికి పోవలసి వచ్చింది. ఢిల్లీలో కనాట్ ప్లేసు హౌసును అంతకుముందే, 1976లో, ఎమర్జెన్సీ కాలంలో కూల్చివేశారు. జనం గుమికూడి మాట్లాడుకునే చోటంటే భయపడే పాలకులు ఒకసారి బుల్‌డోజరు పంపుతారు, ఇంకొకసారి అద్దె పెంచుతారు.

మన ప్రాంతపు విశ్వవిద్యాలయాలలో మెస్సు బిల్లుల గొడవ ఏటేటా వస్తుంది. విద్యార్థులు ఖాళీ కంచాలతో రోడ్డుమీద కూర్చుంటారు. నాలుగురోజులకు ఏదో ఒక ఒప్పందం జరుగుతుంది. ఇది చిల్లర గొడవ అని, పెద్ద సిద్ధాంత సమస్యలు వేరే ఉన్నాయని మనలో కొందరు అధ్యాపకులు అంటూ ఉంటారు. కాలేజీ వీధి చరిత్ర ఈ మాటను ఒప్పుకోదు. గోల్‌దిఘీ గట్టునుంచి ఆల్బర్ట్ హాలుదాకా అక్కడ ప్రతి పెద్ద సమస్యా తిండిబల్ల మీదుగానే నడిచింది: కులం, స్త్రీ పురుష సమానత్వం, వలసపెట్టుబడి, కరువు, కార్మికుల యాజమాన్యం. మెస్సు బిల్లు కోసం కూర్చున్న విద్యార్థి పక్కన మెస్సులో వండే మనిషి కూడా కూర్చున్నాడా లేదా అని మనం మొదట చూడాలి. ఆ మనిషి కాంట్రాక్టు కూలి అయితే, తగ్గిన మెస్సు బిల్లు అతని కూలిలోంచి తగ్గిందా అని విచారించాలి. అధ్యాపకులు 1958లో కలకత్తా అధ్యాపకులు పెట్టినటువంటి అర్జీ ఒకటి పెట్టడానికి సిద్ధంగా ఉన్నారా అని తమను తాము అడగాలి.

కాఫీ గింజ కోసే ఆడకూలీ, గిన్నె కడిగే కుర్రవాడు, వడ్డించే కార్మికుడు, ఇన్‌ఫ్యూషన్ ముందు కూర్చుని ప్రపంచాన్ని మార్చాలని వాదించే విద్యార్థి – వీళ్ళందరూ ఒకే బల్లకు నాలుగు పక్కల ఉన్నవారు. ఇన్నాళ్ళూ వ్యాసాలు నాలుగవ పక్కనే వర్ణించాయి. తక్కిన మూడు పక్కల చరిత్ర రాయవలసిన పని మన విద్యార్థి మిత్రులమీద ఉంది. ఆ పనికి పెద్ద గ్రంథాలయం అక్కరలేదు. రేపు మీ హాస్టలు మెస్సులో భోజనం చేశాక వంటశాలలోకి వెళ్ళి, నెలకు ఎంత ఇస్తున్నారు అని అడగండి. చరిత్ర అక్కడనుంచి మొదలవుతుంది.